కొండగెడ్డ మీద వరద ఆపే చిన్న మట్టిగట్టు ఎలా కట్టుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊళ్ళని ముంచేది ఎప్పుడూ వంశధార, నాగావళులే కాదు. మ్యాపులో పేరు కూడా లేని కొండగెడ్డలు, అంటే కొండవాగులు, ముంచుతాయి. తూర్పు కనుమల వాలు మీద పడ్డ వాన రెండు మూడు గంటల్లో పల్లానికి దిగిపోతుంది. పొద్దున చీలమండ లోతున్న గెడ్డ మధ్యాహ్నానికి మనిషిని కొట్టుకుపోయేంత అవుతుంది. నాగావళికి నీరొస్తే తోటపల్లి బ్యారేజీ నుంచి కబురొస్తుంది, వంశధారకైతే గొట్టా బ్యారేజీ నుంచి వస్తుంది. గెడ్డ సంగతి చెప్పేవాడు ఎవడూ లేడు.

అలాంటి గెడ్డ మీద, ఊరికి ఎగువన, మూడు మీటర్ల ఎత్తు మించని మట్టిగట్టు వేసి వరదని కాసేపు నిలబెట్టి మెల్లగా వదలడం గురించే ఇదంతా. మూడు మీటర్లు దాటే పనైతే దీన్ని నమ్ముకుని దిగకండి, దానికి ఇంజినీరు డిజైను ఉండాల్సిందే. మూడు మీటర్ల లోపైనా జలవనరుల శాఖ ఏఈకి (అసిస్టెంటు ఇంజినీరుకి) ఒకసారి చోటు చూపించి, లెక్క సరిచూపించుకోండి. 2021 నాటి డ్యామ్ భద్రత చట్టం 15 మీటర్లు దాటిన వాటికి, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. మీ గట్టు దాని లెక్కలోకి రాదు. ఏటా వచ్చి తనిఖీ చేసే అధికారి ఉండడు కాబట్టి ఆ పని ఊరిదే.

ముందు ఊళ్ళో తేల్చుకోవాల్సిన మాట

ఇది చెరువు కాదు. ఈ ఒక్క మాట మీద ఊరు ఒప్పుకోకపోతే పని మొదలుపెట్టొద్దు. వరద ఆపే గట్టు వెనక చోటు ఖాళీగా ఉండాలి. వాన వస్తే నిండాలి, మర్నాటికల్లా మదుము (గట్టు అడుగున నీరు బయటకి పోయే గొట్టం) గుండా దానంతటదే ఖాళీ అయిపోవాలి. గట్టు లేచి, మొదటి ఏడు నీళ్ళు నిలిచాక, "ఇన్ని నీళ్ళు వృథాగా పోతున్నాయి, మదుముకి ఓ తలుపు పెడితే వరికి పనికొస్తాయి కదా" అని ఎవరో ఒకరు అంటారు. అన్నవాడి బాధ న్యాయమైనదే. కానీ మనకి పెద్ద దెబ్బలు తగిలే కాలం చూడండి. గులాబ్ తుఫాను 2021లో సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018లో అక్టోబరు 11న వచ్చింది, హుద్‌హుద్ 2014లో అక్టోబరు 12న. అప్పటికి నైరుతి వానలకి నేల నానిపోయి ఉంటుంది, చెరువులు నిండి ఉంటాయి. ఆ రోజున నిండుగా ఉన్న గట్టు వరదని ఆపదు, పైపెచ్చు తెగితే ఆ నీళ్ళు కూడా ఊరి మీదే పడతాయి. నీళ్ళు దాచుకోవాలనుంటే కింది చెరువుని పూడిక తీసుకోండి. మదుము ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి, కింద గొలుసు చెరువుల రైతులకి రావాల్సిన నీరు కూడా ఆగదు. గొడవలు రాకుండా ఈ సంగతి గ్రామసభ తీర్మానంలోనే రాయించండి.

గెడ్డ పోరంబోకు కాబట్టి తహశీల్దారు కార్యాలయం నుంచీ, జలవనరుల శాఖ నుంచీ కాగితం కావాలి. ఎగువన అటవీ భూమి తగిలితే వాళ్ళ అనుమతి లేకుండా పార కూడా వేయలేరు. మట్టి పని ఉపాధి హామీలో పెట్టించుకోవచ్చేమో మండలంలో అడగండి.

ఎంత నీరొస్తుందో లెక్క

ముందు పరీవాహకం కొలవాలి, అంటే ఎంత నేల మీద పడిన వాన ఈ గెడ్డలోకి దిగుతుందో. ఫోనులో ఉపగ్రహ చిత్రం తెరిచి కొండ శిఖరాల వెంట గీత గీస్తే విస్తీర్ణం అదే చూపిస్తుంది. గీత సరిగ్గా పడిందో లేదో పశువులు కాసేవాళ్ళని అడగండి. ఏ వాలు నీరు ఎటు పోతుందో వాళ్ళకి తెలిసినట్టు ఏ మ్యాపుకీ తెలియదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి దక్షిణాదిలో వాడుతున్న రైవ్స్ సూత్రం ఉంది. పరీవాహకాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకుని, దాని మూడింట రెండు (2/3) ఘాతాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తే సెకనుకి ఎన్ని ఘనపు మీటర్ల వరద రావచ్చో వస్తుంది. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు మైదానానికి గుణకం 6.8, కొండల పక్కన 10.2. మనం తీరానికి దగ్గరే అయినా గెడ్డ దిగేది కొండ నుంచి, కాబట్టి 10.2 తీసుకోండి. పరీవాహకం ఒక చదరపు కిలోమీటరు, అంటే సుమారు 250 ఎకరాలు అనుకుంటే, సెకనుకి 10 ఘనపు మీటర్ల పైచిలుకు. రెండు చదరపు కిలోమీటర్లైతే 16.

ఇంకో లెక్క కూడా వేసుకోండి, ఆశలు అదుపులో ఉంటాయి. ఆ 250 ఎకరాల మీద ఒక రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం గెడ్డలోకి దిగితే 50,000 ఘనపు మీటర్లు. మూడు మీటర్ల గట్టు వెనక, అలుగు (గట్టు నిండాక మిగులు నీరు పొర్లిపోయే దారి) మట్టానికి, లోయ వెడల్పుని బట్టి ఏ 8,000 ఘనపు మీటర్లో నిలుస్తాయి. ఆరో వంతు! అంటే మామూలు భారీ వానకి వరద తల నరుకుతుంది, కింది కల్వర్టు మునగకుండా కాస్తుంది. తిత్లీ లాంటి వానకి మాత్రం తను తెగకుండా నిలబడి, వచ్చిన నీటిని అలుగు మీదుగా పంపడమే దాని పని. ఇంకా కావాలంటే గెడ్డ పొడవునా రెండు మూడు చిన్నవి కట్టాలి, ఉన్నదాన్ని ఎత్తు పెంచడం కాదు.

చోటు

లోయ సన్నబడి, వెనక వెడల్పుగా ఉండే చోటు గట్టుకి మంచిది. ఆ మాట అందరూ చెబుతారు. నేనైతే ముందు అలుగుకి చోటు వెతకమంటాను. గట్టు ఒక చివర, సహజమైన గట్టి నేలలో, రాయో మొరమో ఉన్న చోట అలుగు కోయడానికి వీలుండాలి. అది దొరకని చోట ఎంత అందమైన లోయైనా వదిలేయండి. గట్టు కింద దగ్గర్లో ఇళ్ళు, బడి, కళ్ళాలు ఉన్నా వదిలేయండి. కొత్తగా ఎవరూ కట్టుకోకుండా చూడటం కూడా పంచాయతీ చేతిలో పనే. గెడ్డ ఎండిందని అందులో పాకలు వేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

మట్టి

గరువు నేలల్లోని ఎర్రమట్టి, కాస్త బంక కలిసి ఉంటే గట్టుకి బాగా నప్పుతుంది. రేగడి ఒక్కటే వేస్తే వేసవిలో పగుళ్ళు తీస్తుంది, ఇసుక ఒక్కటే వేస్తే నీరు ఆగదు. సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి బాగా గిలక్కొట్టి ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, పైన బంకమన్ను పొరలుగా తేరుకుంటాయి. బంక పొర అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటే ఆ గుంట మట్టి తీసుకోవచ్చు.

ఆ మట్టికే ఇంకో పరీక్ష ఉంది. చాలామంది చేయరు, చేయకపోతే తర్వాత ఏడుపే. గాజుగ్లాసులో వాననీళ్ళో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరో తీసుకోండి. బోరు నీళ్ళు వద్దు, అందులోని ఉప్పు ఫలితాన్ని తారుమారు చేస్తుంది. శనగగింజంత మట్టి ఉండని మెల్లగా జారవిడిచి, కదపకుండా పది నిమిషాలు చూడండి. ఉండ విచ్చుకుని అడుగున కుప్పలా పడి, నీళ్ళు తేటగా ఉంటే భయం లేదు. ఉండ చుట్టూ పాలు కలిపినట్టు తెల్లటి మసక లేచి అడుగంతా పరుచుకుంటే ఆ మట్టి నీట్లో కరిగిపోయే రకం. దాంతో కట్టిన గట్టులో చిన్న పగులు దొరికితే చాలు, నీరు లోపల సొరంగం తవ్వుకుంటూ పోతుంది. ఎన్ని ట్రాక్టర్లు ఊరికే ఇస్తామన్నా ఆ గుంట జోలికి వెళ్ళొద్దు.

మట్టి తీసే గుంట గట్టు మొదలుకి ఆనుకుని ఉండకూడదు. కనీసం గట్టు ఎత్తుకి పదింతల దూరం వదలండి.

పునాది

సంక్రాంతి దాటాక, గెడ్డలో నీరు సన్నబడ్డాక మొదలుపెట్టి ఏప్రిల్ ఆఖరుకి మట్టి పని ముగించాలి. మేలో కూడా తుఫాను రావచ్చు, సగం లేచిన గట్టు దానికి నిలవదు.

గట్టు కూర్చునే నేలంతా పై మట్టి 30 సెంటీమీటర్లు చెక్కి తీసేయండి. గడ్డి, వేళ్ళు, తాటి మొద్దులు, చెదపుట్టలు ఏవీ మిగలకూడదు. వేరు కుళ్ళితే అక్కడ గొట్టం లాంటి ఖాళీ మిగులుతుంది. చెక్కిన పై మట్టిని పక్కన పోసి ఉంచండి, చివర్లో వాలు మీద గరిక నాటడానికి అదే కావాలి.

తర్వాత గట్టు నడిమి గీత వెంట, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, కందకం తవ్వాలి. అడుగున రెండు మీటర్ల వెడల్పు, లోతు ఒక మీటరుకి తగ్గకుండా, ఇసుక పొర దాటి గట్టి బంకో, మెత్తరాయో తగిలే దాకా. దాన్ని మీ దగ్గరున్న మట్టిలో అన్నిటికంటే బంకగా ఉన్నదానితో నింపి కుదించండి. గెడ్డ అడుగున ఉన్న ఇసుక మీదే గట్టు పోసేస్తే, పైన ఎంత బాగా కట్టినా నీరు కింద నుంచి దారి చూసుకుంటుంది.

మదుము

చిన్న గట్లకి తెగులు ఎక్కువగా పట్టేది గొట్టం పక్కనే. 300 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు, అంటే ఇనుప ఊచలు వేసిన కాంక్రీటు గొట్టం, ఎన్‌పీ3 అనే తరగతిది, మన ఎనిమిది వేల ఘనపు మీటర్ల లెక్కకి సరిపోతుంది. నిండుగా ఉన్నప్పుడు సెకనుకి సుమారు 200 లీటర్లు వదులుతుంది, వాన తగ్గాక ఒక రోజు లోపే అంతా దిగిపోతుంది. దాన్ని గెడ్డ నడిమధ్య కాకుండా ఒక పక్కన, కదలని సహజ నేల మీద పడుకోబెట్టండి. పోసిన మట్టి మీద వేస్తే మట్టి కుంగినప్పుడు అతుకులు విచ్చుకుంటాయి.

పైపు పక్కల, ముఖ్యంగా దాని పొట్ట కింద మూలల్లో, యంత్రం దూరదు. అక్కడ మనిషి దిగి దిమ్మిసతో పది సెంటీమీటర్ల పొరలుగా కుదించాల్సిందే. పైపు మీద 60 సెంటీమీటర్లు చేత్తో కుదించిన మట్టి పడేదాకా ట్రాక్టరుని ఎక్కనివ్వొద్దు. బయటి వైపు చివరి మూడో వంతు పొడవున పైపు చుట్టూ శుభ్రమైన ముతక ఇసుక పొర పెట్టండి. పైపుని పట్టుకుని వచ్చే ఊట మట్టిని మోసుకుపోకుండా ఆ ఇసుక వడకడుతుంది.

నీటి వైపు నోటికి ఇనుప చువ్వల పెట్టె ఒకటి, చువ్వకీ చువ్వకీ పది సెంటీమీటర్ల ఎడంతో. అడ్డంగా పెట్టే చదును జల్లెడ వద్దు, మొదటి వరదకే జీడాకులు, కొమ్మలు అతుక్కుని మూసుకుపోతుంది. బయటి వైపు నీరు పడేచోట రాళ్ళు పరవండి.

గట్టు లేపడం

కొలతలు ఇవీ. తల వెడల్పు మూడు మీటర్లు. లోపలి వాలు ఒక మీటరు ఎత్తుకి రెండున్నర, బయటి వాలు ఒకటికి రెండు. మూడు మీటర్ల ఎత్తున్న చోట అడుగు వెడల్పు 16.5 మీటర్లు వస్తుంది, మీటరు పొడవుకి 29 ఘనపు మీటర్ల కుదించిన మట్టి పడుతుంది. చాలామంది ఈ లెక్క చూసి వాలు నిలువు చేసి మట్టి మిగుల్చుకుందామంటారు. నానిన గట్టు జారేది సరిగ్గా ఆ మిగుల్చుకున్న చోటే.

మట్టిని 15 సెంటీమీటర్ల పొరగా పరవాలి, అంటే జానెడు కంటే తక్కువ. తడి చూడటానికి గుప్పెడు తీసుకుని పిసకండి. ఉండ కట్టాలి, చేతికి జిగురు అంటకూడదు, నడుం ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలవ్వాలి. పొడిగా రాలితే నీళ్ళు చల్లాలి, చెక్కలా చదునైపోతే ఆరనివ్వాలి. రోలరు దొరికితే ఒక్కో పొర మీద ఎనిమిది సార్లైనా తిప్పండి. దొరక్కపోతే మట్టి నింపిన ట్రాక్టరు ట్రాలీని, ప్రతిసారీ చక్రం పక్కకి జరుపుతూ, పొరంతా తొక్కించండి. తొక్కిన పొర మీద ఇనుప ఊచ గుచ్చి చూడండి, బలంగా నొక్కినా అంగుళం రెండు అంగుళాలకి మించి దిగకూడదు. తర్వాత నాగలితోనో పళ్ళ బకెట్టుతోనో పైన గీరి గరుకు చేసి తర్వాతి పొర వేయాలి, లేదంటే రెండు పొరల మధ్య నీటికి దారి మిగులుతుంది. ఒడ్డుకి కలిసే చోట ఒడ్డుని మెట్లుగా కోసి అతికించండి.

ఇక్కడ గంట లెక్కన డబ్బులు తీసుకునే యంత్రంతో పేచీ వస్తుంది. మీటరు మందం మట్టి ఒకేసారి కుమ్మరించి, పొక్లెయిన్ బకెట్‌తో పైన నాలుగు దెబ్బలు వేసి "కుదించేశాం బాబూ, రాయిలా ఉంది" అంటారు. పైన రాయిలానే ఉంటుంది, అడుగున పిండిలా ఉంటుంది. ఊళ్ళో ఒకరు పొద్దస్తమానం అక్కడే నిలబడి పొర కొలిచి ఒప్పుకుంటేనే తర్వాతి ట్రాలీ దిగాలి. ఈ పనికి నెమ్మదస్తుడు పనికిరాడు, నలుగురితో మాట పడ్డా పట్టు విడవని మనిషిని పెట్టండి.

కుదించినా మట్టి కొంత కుంగుతుంది. అందుకని ఎత్తు పదో వంతు ఎక్కువ పోయండి, మధ్యలో కాస్త ఉబ్బుగా. గట్టు మధ్యలో తల దిగితే, పొర్లాల్సి వచ్చినప్పుడు నీరు అక్కడి నుంచే పొర్లుతుంది.

బయటి వాలు మొదట్లో, లోపల ఇసుక, దాని మీద కంకర, పైన రాళ్ళు వరుసగా పేర్చి ఒక మీటరు ఎత్తు రాతికట్టు వేయండి. ఊట నీరు అందులోంచి తేటగా బయటకి రావాలి. లోపలి వాలుకి రాతి పరుపు, బయటి వాలుకి గరిక, అంతే. వట్టివేరు కూడా నాటొచ్చు. చెట్లు మాత్రం ఏవీ వద్దు: సరుగుడు, తాటి, టేకు, ఎవరో పుణ్యానికి నాటే రావి కూడా.

అలుగు

మట్టిగట్టు మీదుగా నీరు పొర్లిందంటే ఇక గట్టు లేనట్టే. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట అలా నీరు పొర్లే కొట్టుకుపోయింది. అది మన గట్టుకి ఎన్నో రెట్లు పెద్దది, గేట్లున్నది. మన గట్టుకి గేట్లు లేవు, కాబట్టి ఉన్న రక్షణంతా అలుగు వెడల్పే.

అలుగు గడప గట్టు తలకి 1.2 మీటర్లు కింద ఉండాలి. అందులో 60 సెంటీమీటర్లు నీరు పారడానికి, మిగతా 60 అలలకీ, మన లెక్కలో తప్పుకీ. 60 సెంటీమీటర్ల లోతున అలుగు పారితే మీటరు వెడల్పుకి సెకనుకి 0.8 ఘనపు మీటర్ల దాకా పోతుంది. సెకనుకి 10.2 ఘనపు మీటర్లు పోవాలంటే 13 మీటర్ల వెడల్పు కావాలి. చూడ్డానికి చాలా ఎక్కువ అనిపిస్తుంది. "ఈ గెడ్డకి ఇంత అలుగా" అని నవ్వేవాళ్ళుంటారు, నవ్వనివ్వండి.

గడప సమంగా ఉండాలి. పారదర్శకమైన లెవెల్ పైపులో నీళ్ళు నింపి రెండు చివరలా చూసుకుంటూ వేయండి. సిమెంటు కాంక్రీటు గడప, దాని కింద రాతి పరుపు, అక్కడి నుంచి నీరు గట్టు మొదలుని తాకకుండా దూరంగా గెడ్డలో కలిసే కాలువ. గట్టుకీ అలుగుకీ మధ్య రాతి గోడ ఒకటి ఉంటే పారే నీరు గట్టు చివర కొరకదు.

అలుగుని పాడుచేసేది వరద కంటే మనుషులే ఎక్కువ. ఇంకో మూరెడు నీళ్ళు నిలబెడదామని గడప మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. చేపల పాట పాడుకున్నవాళ్ళు చేపపిల్లలు కొట్టుకుపోకుండా అలుగుకి అడ్డంగా వల కడతారు. వాన రాత్రి ఆ వలకి గుర్రపుడెక్క, కొమ్మలు, చచ్చిన మేక అన్నీ తట్టుకుని 13 మీటర్ల అలుగు గోడ అయిపోతుంది. ఖాళీగా ఉండాల్సిన గట్టుకి చేపల పాటే పెట్టకూడదు. ఊరి చెరువుకి పెడితే, అలుగుకి వల కట్టకూడదన్న షరతు పాట కాగితంలోనే ఉండాలి.

మొదటి వానల్లో

మొదటి ఏడు ప్రతి పెద్ద వానకీ ఇద్దరు టార్చిలైట్లతో గట్టు చూడాలి. ఒక్కడు వెళ్ళకూడదు. గట్టు తల మీద కాదు, బయటి మొదలు వెంట నడవాలి. ఊట కనిపిస్తే సీసాలో పట్టి లైటు ముందు పెట్టండి. తేటగా ఉంటే పుల్ల పాతి గుర్తు పెట్టుకుని గంటకోసారి చూడండి. ఎర్రగానో బూడిదరంగుగానో మట్టి కలిసి వస్తుంటే గట్టు లోపల కోసుకుపోతోందని అర్థం.

అప్పుడు చాలామంది చేసే పని ఆ బుంగ మీద బంకమట్టి కొట్టి మూసేయడం. అలా చేయొద్దు. నీరు పక్కన ఇంకోచోట, ఇంకా బలంగా బయటపడుతుంది. బుంగ మీద ముందు ముతక ఇసుక, దాని మీద కంకర, ఆ పైన రాళ్ళు వేయండి. నీరు రావాలి, మట్టి రాకూడదు. లోపలి వైపు నీరు సుడి తిరుగుతున్న చోటుంటే అది బుంగ నోరు, అక్కడ టార్పాలిను పరిచి గడ్డి, మట్టి బస్తాలు వేయొచ్చు, నడుముకి తాడు కట్టుకుని మాత్రమే. ఇసుక, కంకర, వంద ఖాళీ గోనెలు జూన్‌కల్లా గట్టు పక్కనే ఉంచండి. వానలో ట్రాక్టరు ఆ దారిన రాదు.

బురద ఊట పెరుగుతున్నా, గట్టు తల మీద పొడుగు పగులు కనిపించినా, అలుగు మీద నీరు 60 సెంటీమీటర్లు దాటుతున్నా, మరమ్మతు వదిలేసి ముందు కింది ఇళ్ళు ఖాళీ చేయించండి. ఒకరు 112కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు గుడి మైకు అందుకోవాలి. ఏ ఇంటివాళ్ళు ఎటు వెళ్ళాలో వేసవిలోనే చెప్పి ఉంచితే ఆ రాత్రి వాదనలుండవు.

ఏటా రెండుసార్లు

మే నెలలో ఒకసారి, దసరా ముందు ఒకసారి గట్టు మీద గడ్డి కోసి చూడండి. గడ్డి కోయకపోతే బొరియలు కనపడవు. పందికొక్కు, పీత బొరియల్ని పైన మట్టి కప్పి వదలకుండా చివరి దాకా తవ్వి, పొరలుగా నింపి దిమ్మిస వేయాలి. మొలిచిన మొక్కలు వేలెడు లావు కాకముందే వేళ్ళతో సహా పీకాలి. పశువులు ఎక్కి దిగే చోట వాలు గాడి పడుతుంది. వాటికి ఒక పక్కన రాళ్ళు పరిచి దారి ఇచ్చేస్తే మిగతా గట్టు జోలికి రావు. మదుము పెట్టె ముందు పూడిక తీసి, ఆ మట్టిని గట్టు వాలు మీద పోయకుండా బయటకి తోలించండి. గట్టు తల మీద లెవెల్ పైపు మళ్ళీ పట్టి, ఎక్కడ ఎంత దిగిందో పంచాయతీ పుస్తకంలో తేదీతో రాయించండి. దిగిన చోట పై మట్టి గీరి, తడిపి, పొరగా పోసి కుదించాలి.